దయ్యప్పెట్టె విప్పిన మూట

నమోదు 1. సోమవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాసినా చదివేదెవరు, చదివినా నమ్మేదెవరు అని నిన్నంతా పుట్టగొడుగుల మడుల దగ్గర కూర్చుని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను కూడా. ఇంతలో మడులకు నీళ్లు చల్లడం అయిపోయింది, వేరే పని లేకపోయింది. అందుకని రాస్తున్నాను. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

నా పేరు రాజమల్లు. ఇంక్లైన్‌లో మూటలు విప్పడం నా పని. ఇంక్లైన్ అంటే మేముండే పాత బొగ్గు గని. ఇందులో బొగ్గు తియ్యడం మా తాతల నాడే మానేశారు, ఇప్పుడు సంసారాలు చేస్తున్నారు. పైన పొద్దెక్కితే చెప్పులు రోడ్డుకు అతుక్కుపోతాయి కాబట్టి కిందే నయం. మూటలంటే పాతకాలం వాళ్లు జాగా కలిసొస్తుందని అదిమి, బిగించి డిస్కుల్లో దాచిపెట్టిన దస్త్రాలు. వడియాలు వేయించిన వాళ్లకు ఈ విద్య సగం వచ్చినట్టే. బూడిద గుమ్మడికాయంతటి వ్యవహారాన్ని ఎండబెట్టి డబ్బాలో పోస్తారు, నూనెలో వేస్తే పొంగి పళ్లెం నిండుతుంది. నూనె కాగకపోతే పొంగదు, మరీ కాగితే మాడుతుంది. మా అమ్మ వడియం పొంగే చప్పుడు విని, చూడకుండానే జల్లిగంటె పెట్టేది. నేను చూస్తూ ఉండి కూడా మాడ్చేవాణ్ని. ఆ సంగతి వేరు.

విప్పడానికి నా గదిలో మూడు కంప్యూటర్ పెట్టెలున్నాయి. డబ్బు పోసి కొన్న వ్యవస్థలతో నడిచే పెట్టెలు ఒకప్పుడు లెక్కలేనన్ని ఉండేవట. అవి నడవడానికి అనుమతి కావాలని ఎక్కడికో కబురు పంపి, జవాబిచ్చే దిక్కు లేక, అలా అడుగుతూ అడుగుతూనే కన్ను మూశాయి. ఎవరో పుణ్యాత్ములు ఊరికే రాసి, లోపలి సంగతంతా అందరికీ చూపించి వదిలేసిన వ్యవస్థలే ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అలాంటి ఒక పెట్టె తెరిస్తే తెల్ల పొట్ట, నల్ల వీపు ఉన్న పక్షి బొమ్మ వస్తుంది. దాన్ని బాతు పెట్టె అంటారు. అది బాతు కాదని, మంచు మీద నడిచే వేరే పక్షి అని చెప్పి చూశాను. మంచంటే ఏమిటని అడిగారు, ఊరుకున్నాను. రెండోదానిలో ఎర్రటి సుడి వస్తుంది, అది సుడి పెట్టె. మూడోదానిలో కొమ్ములు, తోక, చేతిలో శూలంతో నవ్వుతున్న ఎర్ర పిల్లవాడు కనిపిస్తాడు. అది దయ్యప్పెట్టె. దానికి ఎవరో ఎండు మిరపకాయలు గుచ్చిన దండ కట్టారు. నేను తియ్యలేదు.

ఇక్కడ ఒక కట్టుబాటుంది. ఒకప్పుడు నీళ్ల పంపుల వేళల దస్త్రాన్ని ఒకే పెట్టెలో విప్పి, దాని ప్రకారం పంపులు తిప్పారు. ఆ మూటలో ఉన్న రెండు దస్త్రాల్లో ఒకటి ఆ పెట్టె మింగేసిందని ఐదో లెవెల్, అంటే గనిలో కింది అంతస్తు, మునిగాక తెలిసింది. అప్పటినుంచి మూడింటిలో ఏ రెండు పెట్టెలు ఒకేమాట చెబితే అదే నిజం. రెండు పెట్టెలు కాదన్న మూట చచ్చిన మూట. డిస్కులు కొత్తవి రావు గనుక, చచ్చిన మూటల్ని శనివారం శుభ్రంలో చెరిపేసి ఆ జాగా వాడుకుంటాం.

ఈరోజు నీళ్లు పట్టుకునే వేళకు ఓదెమ్మ నా గది ముందుకొచ్చి నిలబడింది. ఓదెమ్మ మా సర్దారు. గని నడిచిన కాలంలో, మనుషుల్ని లోపలికి పంపే ముందు పైకప్పును కర్రతో తట్టి చూసే ఉద్యోగికి ఆ పేరుండేది, అదే ఉండిపోయింది. గట్టి కప్పు ఠంగుమంటుంది, పొర విడిచిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ పలికే తేడా మీదే మేమంతా నిద్రపోతున్నాం. ఓదెమ్మకు పుట్టుకతోనే చెవుడు. పసితనంలో రెండు చెవుల వెనకా, తల లోపల, యంత్రాలు పెట్టారు. ఆ యంత్రాలతోనే ఆమె మాకెవరికీ వినబడనివి వింటుంది.

"మామా! రెండు చెవులు బందయినయి! పొద్దుగాల బ్యాటరీ మార్సిన, గంతే!" అని కేక పెట్టింది.

"నాకు ఇనబడ్తది గదనే, మెల్లగ చెప్పు," అన్నాను. ఆమెకు వినబడలేదు.

మా గోడలు బొగ్గు గోడలు కావడం వల్ల ఒక సుఖముంది, ఎక్కడైనా సుద్దతో రాసుకోవచ్చు. "ఏమైంది" అని రాశాను. చెవి యంత్రంలో ఆమెకని సరిచేసి పెట్టిన కొలతలన్నీ చెరిగిపోయాయట. ఏ స్వరానికి నరాన్ని ఎంత తాకాలో తెలియక యంత్రం ఊరికే కూర్చుంది. ఆ కొలతల నకలు పాత ఆసుపత్రి డిస్కులో మూటగా ఉందని నర్సు ఫర్జానా చెప్పి పంపింది.

"విప్పుతవు గద?" అంది ఓదెమ్మ.

విప్పుతానని రాశాను.

నమోదు 2. మంగళవారం

మూట దొరికింది. జిప్ అనే రకం. ఆ డిస్కు నకలు తీస్తున్నప్పుడు జాగా చాలక కాబోలు, మూట తోక తెగిపోయి ఉంది.

ముందు బాతుకు ఇచ్చాను. "చివరి జాబితా కనబడలేదు. ఇది జిప్ మూట కాదు" అంది. సుడికి ఇచ్చాను. "చివరి జాబితా కనబడలేదు. ఇది జిప్ మూట కాదు" అంది. దయ్యానికి ఇచ్చాను. అది ఏమీ అనలేదు. ఓదెమ్మ పేరు, పుట్టిన తేదీ ఉన్న దస్త్రం ఒకటి తీసి ఇచ్చింది, ఎడమ చెవి కొలతలు తీసి ఇచ్చింది, ఆ తర్వాత "మూట మధ్యలో తెగింది" అని ఒక్క ముక్క చెప్పి ఆగింది. కుడి చెవిది రాలేదు.

ఎందుకిలా అంటే, జిప్ మూట కట్టినవాళ్లు ఒక వింత పని చేశారు. లోపల ఏమేమున్నాయో చెప్పే జాబితాను మూట చివర పెట్టారు. చివర పెడితే కొత్త దస్త్రాలు చేర్చడం తేలికట. బాతు ఏ మూటనైనా చివర నుంచి పట్టుకుంటుంది. జాబితా చూశాకే లోపలికి చెయ్యి పెడుతుంది. ఆఖరు పుట చిరిగిన పుస్తకం ఇస్తే, ఇది పుస్తకమే కాదని తిప్పి పంపే రకం. దయ్యం మొదటి పుట నుంచి చదువుకుంటూ పోతుంది, చిరిగిన చోట ఆగుతుంది. రెండిట్లో ఏది తెలివైనదంటే చెప్పలేను. జాబితా చూడకుండా చేతికందిందల్లా బయటికి లాగేవాడితోనూ ఇబ్బంది ఉంటుంది. మా మేనమామ పెళ్లిలో వంట సామాను అలాగే దింపించి, ఉప్పు బస్తా బండిలోనే వదిలేసి వచ్చాడు.

వేరే రకాల మూటలతో ఇంత పేచీ ఉండదు. జీజెడ్ అనే రకం ఊలు దారం లాంటిది, మధ్యలో తెగితే అక్కడిదాకా మూడు పెట్టెలూ ఒకేలా ఇస్తాయి. బీజెడ్ రకం ఇటుకల వరస, ఒక ఇటుక పగిలినా పక్కవి ఏరుకోవచ్చు. ఎక్స్‌జెడ్ అన్నిటికంటే బాగా అదుముతుంది గాని, ఒక్కో గట్టి మూటను విప్పమంటే సుడి పెట్టె జ్ఞాపకం చాలక మూర్ఛపోతుంది. ఓదెమ్మ కొలతలు వీటిలో దేంట్లో ఉన్నా ఈ రాత ఇక్కడితో అయిపోయేది.

ఇప్పుడు లెక్క రెండుకు ఒకటి. కట్టుబాటు ప్రకారం చచ్చిన మూట.

ఓదెమ్మకు గోడ మీద రాసి చూపించాను. చాలాసేపు చదివింది. అక్కడ ఉన్నవి నాలుగు మాటలే.

"దయ్యం ఇచ్చింది గద మామా," అంది.

"ఒక్క పెట్టే ఇచ్చింది," అని రాశాను.

"ఒక్క చెవిదయినా ఇచ్చింది గద. రెండు చెవులు కావాలన్ననా?"



నమోదు 3. బుధవారం

ఇంక్లైన్ పెద్ద గట్టయ్య దగ్గరికి ముగ్గురం వెళ్లాం. మూడో మనిషి ఫర్జానా. గట్టయ్య పంపుల పని చేసినవాడు. ఐదో లెవెల్ మునిగిన రోజు నడుము లోతు నీళ్లలో పిల్లల్ని మోసినవాడు. కట్టుబాటు మాటెత్తితే ఆయనకు గుర్తొచ్చేది ఆ నీళ్లే గనుక ఆయన్ని మొండివాడని నేననను.

"ఏమయ్యా రాజమల్లు, బాతు ఏమన్నది?"

"కాదన్నది."

"సుడి?"

"అదీ కాదన్నది."

"మరింక నన్నేం అడుగుతున్నవు? దయ్యం అవునన్నదనా? దయ్యం దేనికైన అవుననే అంటది. నీ మిరపకాయల దండ ఉన్నదా, తీసినవా?"

"నాది కాదు పెద్దన్నా, ఎవరో కట్టిండ్రు."

"ఉండనియ్యి."

ఫర్జానా గొంతు సవరించుకుంది. "పెద్ద సాబ్, నాకు గుడ భయమే. తప్పు కొలతలు ఎక్కిస్తే లోపల నరం కాలుతది. ఒకసారి కాలితే మల్ల ఏ మూట విప్పినా ఫాయిదా లేదు. కానీ శనివారం చెరిపేస్తే గుడ అంతే గద."

ఓదెమ్మ మా ముగ్గురి పెదాలనూ మార్చి మార్చి చూస్తోంది. గట్టయ్య సుద్ద తీసుకుని పెద్ద అక్షరాలతో గోడ మీద రాశాడు. "బిడ్డా, ఇకనుంచి నీ బదులు మొండయ్య కర్ర పట్టుకుంటాడు. నీకు వంటశాలలో పని."

ఓదెమ్మ చదివి నవ్వింది. "మొండన్న కర్రకు ఏ కప్పయినా మంచిదే పెద్దయ్యా. తాను తట్టుతడు, తానే ఔనంటడు. నా ఉద్యోగం పోతే పోనియ్యి. మీరంత ఎట్ల పంటరు?"

గట్టయ్య సుద్ద ముక్కను జేబులో వేసుకున్నాడు. ఆయన పడుకునేది మూడో లెవెల్‌లో, నేను పడుకునేది రెండో లెవెల్‌లో.

సాయంత్రానికి మొండయ్య మనుషులుండే మూడు లెవెళ్లూ తిరిగొచ్చాడు. అంతా బాగుందన్నాడు. మంచివాడు, ఎవరినీ సామాను సర్దుకోమనడు, అందుకే అందరికీ ఇష్టం. ఓదెమ్మ తట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరి మంచం జరపాల్సి వచ్చేది.

నమోదు 4. గురువారం

ఈరోజు చెయ్యాల్సిన పని, పెళ్లివాళ్లు అడిగిన పాటల మూట విప్పడం. అందులో ఉన్నవి మాలో ముప్పాతిక మందికి తెలియని భాషలో పాటలు. డోలు మాత్రం బాగుంది, చాలన్నారు.

ఆ పని అవుతుండగా ఊరికే కూర్చోలేక, బాతు చెప్పిన మాటనూ సుడి చెప్పిన మాటనూ పక్కపక్కన పెట్టి చదివాను. ఇద్దరు మనుషులు ఒకే సంగతి చెప్పినా మాట కొంచెం మారుతుంది. ఒకడు "వాన పడింది" అంటాడు, ఇంకొకడు "తడిసి చచ్చాను" అంటాడు. ఈ రెండు పెట్టెలూ అక్షరం పొల్లు పోకుండా, ఒకే చోట ఊపిరి తీసుకుంటూ చెప్పాయి. అది ఒకే విషయం ఇద్దరు చూసి చెప్పినట్టు లేదు.

ఊరికే రాసి ఇచ్చిన వ్యవస్థల్లో ఉన్న మేలేమిటంటే, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో అందులోనే ఉంటుంది. అడిగితే చెబుతాయి. బాతును అడిగాను, జిప్ విప్పే నీ పనిముట్టు ఎవరిదని. రాసినవాళ్ల పేర్లు చెప్పింది, ఎన్నో కూర్పో చెప్పింది. సుడిని అడిగాను. అవే పేర్లు, అదే కూర్పు. బాతు బొమ్మ, సుడి బొమ్మ పైన వేసుకున్న చొక్కాలే. లోపల ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, జిప్ విప్పడానికి ఒకే అరువు కత్తెర వాడుతున్నారు. దయ్యాన్ని అడిగితే వేరే పేర్లు, వేరే పనిముట్టు. అది టార్ అనే ఇంకో రకం మూటలకని రాసుకున్న పనిముట్టు, జిప్‌ను కూడా విప్పగలదు.

అంటే మా కట్టుబాటు ఇన్నేళ్లుగా ఇద్దరు సాక్షులని లెక్కపెట్టింది ఒకే సాక్షిని. రెండు ఇళ్లలో కూర్చోబెట్టి, రెండుసార్లు పిలిచాం. నేనూ అలాగే లెక్కపెట్టాను. మూడు పెట్టెలున్నాయి కదా, ముగ్గురనుకున్నాను.

పాటల మూట విప్పడం అయింది. పెళ్లివాళ్లు ఒక గిన్నెడు పాయసం పంపారు. అందులో బెల్లం సరిపోలేదు.

నమోదు 5. శుక్రవారం

గట్టయ్య నా గదికే వచ్చాడు. రెండు పెట్టెల జవాబులూ చూపించాను. ఆయనకు చదువు వచ్చు గాని పెట్టెలంటే పడదు. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"అంటే రెండిండ్లల్ల ఒక్కటే నోరు."

"ఒక్కటే నోరు పెద్దన్నా."

"ఇంతకాలం మనం చెరిపేసిన మూటలు?"

"తప్పు జరిగింది జిప్ మూటలకే. వేరే రకాలకు వేరే పనిముట్లు."

"జిప్ మూటలు ఎన్ని చెరిపినమని అడుగుతున్న."

"లెక్క పెట్టలే."

"పెట్టకు," అన్నాడు గట్టయ్య. దయ్యప్పెట్టె మీది మిరపకాయల్ని వేలితో తట్టాడు. "ఇప్పుడు ఒకటికి ఒకటి అయింది. కట్టుబాటుల సమానమైతే ఏం చెయ్యాల్నో లేదు."

"మూడు పెట్టెలాయె, సమానమెట్ల అయితదని రాసుకోలే."

ఫర్జానా వచ్చింది, వెనకే ఓదెమ్మ. గట్టయ్య గోడ మీద సంగతంతా ఓపిగ్గా రాశాడు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి ఆయనవి. బాతు, సుడి ఒకటే. దయ్యం వేరు. ఒకటికి ఒకటి. నరం కాలే ప్రమాదం ఉంది. రాస్తూ రాస్తూ గోడ చివరికొచ్చి, వంగి, కింద రాశాడు. "పెట్టెలు తేల్చలేదు. చెవి ఎవరిదో వాళ్లు తేల్చాలె."

ఓదెమ్మ కూడా వంగి చదివింది.

"ఇంత రాసే బదులు ఒక్కసారి అడిగితే అయిపోతుండె గద పెద్దయ్యా. నాదే చెవి. ఎక్కియ్యి ఫర్జానా."

ఫర్జానా నా వైపు తిరిగింది. "చాచా, దయ్యం తప్పు చెప్పదని నీకు నమ్మకమేనా?"

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాను. మూట కట్టినవాళ్లు ఒక్కో దస్త్రం పక్కన దాని సరి చూసుకోవడానికి ఒక అంకె రాసి పెడతారు. దయ్యం తీసిన దస్త్రానికి నేను బాతు పెట్టెలో ఆ అంకె కట్టి చూశాను, కలిసింది. కలిస్తే లోపల అక్షరాలు చెడలేదని అర్థం. చిన్నప్పుడు ఆ కొలతలు తీసినవాడు సరిగా తీశాడో లేదో అంకె చెప్పదు.

"బాతును మల్ల సాక్ష్యానికి పిలిచినవా?" అన్నాడు గట్టయ్య.

"కూడికకు పిలిచిన. కూడికల అందరు ఒకటే చెప్తరు."

నమోదు 6. శనివారం

శుభ్రం వాయిదా వేశారు. ఇంక్లైన్‌లో శనివారం శుభ్రం ఆగడం నాకు తెలిసి ఇదే మొదలు. పుట్టగొడుగుల వాళ్లు దిగుబడి లెక్కలు పెట్టుకోవడానికి జాగా లేదని గొణిగారు.

ఎడమ చెవి కొలతలు ఎక్కించారు. కుడి చెవికి కూడా అవే పెట్టమని ఓదెమ్మ అడిగింది. "అది వేరే నరం అక్కా, దానికి దీని లెక్క పనికిరాదు," అని ఫర్జానా రాసింది. కుడి చెవి దస్త్రం తెగిన తోకలో పోయింది. దాన్ని ఏ పెట్టె కూడా ఇవ్వలేదు.

ఫర్జానా శబ్దాన్ని అడుగు నుంచి మొదలుపెట్టింది. ఒక మెట్టు ఎక్కించడం, ఓదెమ్మ ముఖం చూడడం. ఓదెమ్మ బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. చాలా మెట్ల వరకు ఏమీ లేదు. గట్టయ్య గుమ్మంలో నిలబడి తన చెవి తనే రుద్దుకుంటున్నాడు.

"ఎవరో డబ్బల గులకరాళ్లు ఆడిస్తున్నరు," అంది ఓదెమ్మ.

"అది నేనే మాట్లాడుతున్న అక్కా. నొప్పి ఉన్నదా?"

"ఇంకొంచెం పెంచు."

పెంచింది. ఓదెమ్మ కళ్లు తెరవలేదు.

"ఇప్పుడు అక్కా? నొప్పి?"

"నీకు సర్ది పట్టింది ఫర్జానా. ముక్కుల నుంచి మాట్లాడుతున్నవు. మిరియాల కషాయం తాగు."

ఫర్జానా కుర్చీలో కూలబడి, ముక్కు చీదుకుంది. నిజంగానే సర్ది పట్టింది, నేను గమనించలేదు. గట్టయ్య చెవి రుద్దుకోవడం ఆపి వెళ్లిపోయాడు.

నమోదు 7. మళ్లీ మంగళవారం

రెండు రోజులు రాయలేదు, పని పడింది. కట్టుబాటు తిరగరాస్తున్నారు. రెండు పెట్టెలు అనే చోట "వేరు వేరు మనుషులు రాసిన రెండు పనిముట్లు" అని ఉండాలన్నాను. ఆ మాట పెట్టడానికి సభలో మధ్యాహ్నమంతా పట్టింది. దయ్యప్పెట్టె పేరు కూడా మార్చాలని ఒకరన్నారు. కొత్త పేరు ఎవరికీ తోచక వదిలేశారు.

ఆదివారం ఓదెమ్మ కర్ర పట్టుకుని తిరిగింది. మొదటి లెవెల్, రెండో లెవెల్ తట్టి మంచిదంది. మూడో లెవెల్‌లో తట్టి, ఆగి, మళ్లీ తట్టింది. తట్టు ఠంగుమనే పలికింది, నేనూ విన్నాను. దాని వెనకే ఎక్కడో చిన్నగా చిటచిటమందట. అది నాకు వినబడలేదు, మొండయ్యకూ వినబడలేదు.

"ఎటు దిక్కు?" అన్నాడు గట్టయ్య.

ఓదెమ్మ తలను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఇదివరకైతే కర్ర మొనతో జాగా చూపించి, దాని కింది మంచం జరపమనేది, అంతటితో అయిపోయేది. ఈసారి కర్ర దించేసింది.

"ఒక్క చెవి పెద్దయ్యా. ఉన్నదని ఎర్కయితది, యాడున్నదో తెలుస్తలేదు."

"మరి ఏం జేద్దాం?"

"లెవెల్ అంతా ఖాళీ చెయ్యిండ్రి."

"మొత్తమా? మొన్ననే గద నేను చూసిన," అన్నాడు మొండయ్య. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు అన్నాడు.

"నీకు ఇనబడలే మొండన్నా, నీ తప్పేమున్నది. ఇనబడ్డదాన్ని నేను, నేనే చెప్పాలె."

గట్టయ్య మొదట తన మంచమే మోసుకొచ్చాడు. మూడో లెవెల్ వాళ్లంతా వంట సామాను, పొయ్యిలు, పిల్లల్ని ఎత్తుకుని రెండో లెవెల్‌లో సర్దుకున్నారు. నా గదిలో ఒక ముసలి దంపతులు దిగారు. ఆయన గురక పెడతాడు, ఆమె దాన్ని తిడుతూ మేలుకుని ఉంటుంది. దయ్యప్పెట్టెను ఒక మూలకు జరిపి వాళ్లకు చాప పరిచాను.

ఇది రాసేవేళకు మూడో లెవెల్ కప్పు పడలేదు.

పొద్దున నీళ్ల కుళాయి దగ్గర నేను ఓదెమ్మ వెనక నిలబడ్డాను. నా వెనక మూడో లెవెల్ వాళ్లు ఇద్దరు.

"కప్పు పడకపాయె, ఏం పడకపాయె. ఇండ్లు మాత్రం పోయినయి."

"చెవిటిదాని మాట పట్టుకున్నరు. దయ్యం పెట్టిన చెవాయె."

"మెల్లగ, ఇనబడ్తది."

"యాడ ఇనబడ్తదే, అటు దిక్కుది పనిచేస్తలేదు."

వాళ్లు ఓదెమ్మకు కుడివైపుగా, వెనక నిలబడ్డారు. ఓదెమ్మ మెడ కొంచెం అటు తిరిగింది. ఎడమ చెవి వెనక యంత్రం మీది చిన్న దీపం వెలుగుతోంది. వంతు వచ్చింది. బిందె నింపుకుంది, చుట్టకుదురు సరిచేసుకుని నెత్తిన పెట్టుకుంది. "మామా, కుళాయి సన్నగ వస్తున్నది, గట్టయ్యకు చెప్పు," అని రెండో లెవెల్ వైపు వెళ్లిపోయింది.